అజ్జూ భాయ్ అధ్యక్షుడైతే వరంగల్‌కు ఏమొచ్చింది?

2019 సెప్టెంబర్ 27న జరిగిన హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) అధ్యక్ష ఎన్నికలో మన అజ్జూ భాయ్, అంటే మహమ్మద్ అజహరుద్దీన్‌కు 147 ఓట్లు పడ్డాయి. ప్రధాన ప్రత్యర్థి ప్రకాశ్ చంద్ జైన్‌కు వచ్చినవి 73. పోటీ ఏకపక్షంగా ముగిసింది. 99 టెస్టులు ఆడి, అందులో 47 టెస్టులకు దేశానికి కెప్టెన్‌గా ఉన్న మనిషి సొంత ఊరి సంఘానికి పెద్దయ్యారు. ఇక ఆడినోళ్ల చేతికి వచ్చింది, ఆట బాగుపడుతుంది అనుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనే కాదు, వరంగల్‌లోనూ ఉన్నారు.

నాలుగేళ్లు గడిచాక, 2023 ఎన్నికలనాటికి, ఓటర్ల జాబితాలో అజహర్ పేరే లేదు.

ఈ నాలుగేళ్ల కథను చాలామంది అజహర్ మంచీచెడ్డల కథగా చెప్పుకుంటారు. అభిమానులు ఆయన్ను పనిచేయనివ్వలేదంటారు, గిట్టనివాళ్లు ఆయనకు చేతకాలేదంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఉత్తర తెలంగాణ నుంచి చూస్తే అడగాల్సింది మరొకటి ఉంది. ఆ 147 ఓట్లు ఎవరివి? ఆ సంగతి తెలిస్తే, ఒక మాజీ క్రికెటర్ కుర్చీలో కూర్చున్నాక ఎవరికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుందో తెలుస్తుంది.

హెచ్‌సీఏలో ఓటు మామూలు క్రికెటర్‌కు ఉండదు, అభిమానికి అసలే ఉండదు. ఓట్లు సభ్య సంఘాలవి. అందులో సింహభాగం జంటనగరాల్లోని లీగ్ క్లబ్బులది. ఆ తర్వాత బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల జట్లు. తర్వాత దేశానికి ఆడి రిటైరైన ఆటగాళ్లకు తలా ఒక ఓటు. చివరికి జిల్లా సంఘాలు. రెండు వందలు దాటిన ఆ ఓటర్ల జాబితాలో జిల్లాల ఓట్లు పట్టుమని పది ఉండవు. ఉమ్మడి వరంగల్ అంటే ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి. ఆరు జిల్లాలకూ కలిపి ఒక ఓటు. సికింద్రాబాద్‌లో సొంత మైదానం కూడా లేని ఒక క్లబ్బుదీ ఒక ఓటే.

అధ్యక్షుడు కావాలనుకున్నవాడు ఎవరింటికి వెళ్లి కూర్చుంటాడో వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచ కప్పుల్లో కెప్టెన్సీ చేసినవాడైనా సరే, క్లబ్ సెక్రటరీల దగ్గరికే పోవాలి. గెలిచాక వాళ్లు అడిగేవి కూడా క్లబ్బుల సంగతులే: లీగ్‌లో ఏ డివిజన్‌లో ఆడాలి, గ్రాంటు ఎంత, మ్యాచ్ టికెట్లు ఎన్ని, ఏ జట్టుకు ఎవరు మేనేజర్‌గా వెళ్లాలి. కరీంనగర్‌లో టర్ఫ్ వికెట్ (పెద్ద మ్యాచులకు వాడే మట్టి, గడ్డి పిచ్) వేయించమని పట్టుబట్టే ఓటరు ఆ గదిలో ఒక్కడు ఉంటాడు. ఆ ఒక్కడు కూడా గట్టిగా మాట్లాడితే.

అసలు మన జిల్లాలు హైదరాబాద్ సంఘం కిందికి ఎలా వచ్చాయన్నది పాత సంగతి. హెచ్‌సీఏ పుట్టింది 1934లో, నిజాం కాలంలో. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా క్రికెట్ పటం మారలేదు. ఆంధ్రా సంఘం వేరు, హైదరాబాద్ సంఘం వేరు. తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ కిందే ఉన్నాయి. 2014లో రాష్ట్రం వచ్చాక ఆ పాత సరిహద్దు కొత్త రాష్ట్ర సరిహద్దుతో దాదాపు కలిసిపోయింది. పేరు మాత్రం అదే. ఆదిలాబాద్ కుర్రాడు రంజీ ఆడినా స్కోరు బోర్డు మీద హైదరాబాద్ అనే ఉంటుంది. పేరు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఓటు గురించి ఉంది.

ఇంకో సంగతి మరిచిపోతాం. హెచ్‌సీఏను క్రికెటర్లు ఏలడం అజహర్‌తో మొదలవలేదు. 35 టెస్టుల్లో 102 వికెట్లు తీసిన శివలాల్ యాదవ్ ఏళ్ల తరబడి ఈ సంఘంలో చక్రం తిప్పారు. 2014లో సుప్రీంకోర్టు ఐపీఎల్ బాధ్యత సునీల్ గావస్కర్‌కు అప్పగించి, మిగతా బీసీసీఐ వ్యవహారాలు చూసే తాత్కాలిక అధ్యక్షుడిగా శివలాల్‌కు అవకాశమిచ్చింది. 13 టెస్టులు ఆడిన ఆఫ్ స్పిన్నర్ అర్షద్ అయూబ్ కూడా హెచ్‌సీఏ అధ్యక్షుడయ్యారు. 'ఆడినోళ్లు రావాలి' అన్న కోరిక హైదరాబాద్‌లో ఎప్పుడో తీరింది. దాని వల్ల ఓటర్ల జాబితా మాత్రం మారలేదు.

ఉత్తర తెలంగాణ నాయకుడు వస్తే మారేదా? అదీ చూశాం. పెద్దపల్లి మాజీ ఎంపీ జి.వివేక్ 2017లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. విరుద్ధ ప్రయోజనాల కారణంగా 2018లోనే సంఘంలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఆయన్ను అనర్హుడిగా ప్రకటించారు. ఆ 2017 ఎన్నికల్లోనే అజహర్ కూడా నామినేషన్ వేస్తే తిరస్కరించారు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో బీసీసీఐ విధించిన జీవితకాల నిషేధం చెల్లదని హైకోర్టు 2012లో చెప్పినా, ఆ నీడ అప్పటికీ పోలేదు.

ఇక్కడ లోధా సంస్కరణల గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే మాజీ ఆటగాళ్లకు పాలనలో చోటు హక్కుగా దొరికింది వాటితోనే. ఐపీఎల్ కుంభకోణం తర్వాత సుప్రీంకోర్టు 2015లో జస్టిస్ ఆర్.ఎం. లోధా కమిటీ వేసింది. 2016 జులైలో దాని సిఫార్సుల్లో ఎక్కువ భాగాన్ని ఆమోదించింది. 2018 ఆగస్టులో కొన్ని సడలింపులతో బీసీసీఐ కొత్త రాజ్యాంగానికి ఒప్పుకుంది. మంత్రులు, ప్రభుత్వ ఉద్యోగులు పదవుల్లో ఉండకూడదు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఉండకూడదు. ఇన్నేళ్లు పదవిలో ఉంటే కొన్నేళ్లు తప్పుకోవాలి, అదే కూలింగ్ ఆఫ్. ఒక్క మనిషి రెండు చోట్ల లాభం పొందే పదవుల్లో ఉండకూడదు, అదే విరుద్ధ ప్రయోజనాల నిబంధన.

వీటితో పాటు ఆటగాళ్లకు మూడు ద్వారాలు తెరుచుకున్నాయి. ఒకటి ఎన్నిక. సంఘంలో సభ్యత్వం, ఓటు వచ్చాయి కాబట్టి పోటీ చేయొచ్చు. రెండోది రిజర్వు సీటు. మాజీ క్రికెటర్ల సంఘం 2019లో ఏర్పడింది. తొమ్మిది మంది ఉండే బీసీసీఐ పాలకమండలి, అంటే అపెక్స్ కౌన్సిల్‌లో ఆ సంఘానికి రెండు సీట్లు, ఒకటి పురుషులకు, ఒకటి మహిళలకు. మొదట వాటిలో కూర్చున్నది అన్షుమన్ గైక్వాడ్, శాంతా రంగస్వామి. రాష్ట్ర సంఘాల్లోనూ ఇదే పద్ధతి. మూడోది ఉద్యోగం: సెలెక్టర్, అకాడమీ హెడ్, క్రికెట్ డైరెక్టర్. జీతం తీసుకుని, చెప్పిన పని చేయడం.

మనం మొదటి ద్వారం గురించే మాట్లాడతాం. పేపర్లో ఫొటో వచ్చేది అందులోంచి వెళ్లినవాళ్లదే మరి. కానీ మాజీ ఆటగాడికి తెలిసిన విద్య ఎక్కువగా పనికొచ్చేది మూడో ద్వారం దగ్గర.

సౌరవ్ గంగూలీ సంగతి చూడండి. 2014లో బెంగాల్ సంఘంలో సంయుక్త కార్యదర్శి, 2015లో జగ్‌మోహన్ దాల్మియా చనిపోయాక అధ్యక్షుడు, 2019 అక్టోబర్‌లో బీసీసీఐ అధ్యక్షుడు. మెట్టు మెట్టుగా ఎక్కారు. అప్పటి కూలింగ్ ఆఫ్ నిబంధన ప్రకారం బోర్డులో ఆయనకు మిగిలింది కొన్ని నెలలే. బోర్డు కోర్టుకెళ్లింది. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు నిబంధన సడలించింది. రాష్ట్రంలో రెండు విడతలు, బోర్డులో రెండు విడతలు వేర్వేరుగా లెక్కపెట్టుకోవచ్చంది. గంగూలీకి దారి క్లియర్ అనుకున్నారంతా. మరుసటి నెలలోనే రోజర్ బిన్నీ కొత్త అధ్యక్షుడయ్యారు. నిబంధన అడ్డు తొలగినా, రాష్ట్ర సంఘాల పెద్దల మద్దతు దొరకలేదు. లార్డ్స్ బాల్కనీలో చొక్కా విప్పి తిప్పిన కెప్టెన్ అయినా, ఓట్లున్నవాళ్లు వద్దంటే తప్పుకోవాల్సిందే.

కర్ణాటకలో జరిగింది వేరు. 2010లో అనిల్ కుంబ్లే అధ్యక్షుడిగా, జవగళ్ శ్రీనాథ్ కార్యదర్శిగా ఒక ప్యానెలే గెలిచింది. ఒంటరిగా కాక గుంపుగా వెళ్లారు. అంతకన్నా ముఖ్యం, అక్కడ మైసూరు, శివమొగ్గ, ధార్వాడ, రాయచూరు లాంటి జోన్లకు పాలకవర్గంలోనే చోటుంది. హుబ్బళ్లిలో, బెళగావిలో, మైసూరులో సంఘం మైదానాలున్నాయి, అక్కడ పెద్ద మ్యాచులు జరుగుతాయి. కుంబ్లే కుంబ్లే కాబట్టే ఇదంతా జరగలేదు. బెంగళూరు బయట ఉన్నవాళ్లను లెక్కచేయక తప్పని ఏర్పాటు అక్కడ ఉంది.

మళ్లీ హైదరాబాద్‌కు వద్దాం. అజహర్ హయాంలో ఏం జరిగిందన్నది విడిగా చెప్పుకోవాలి. ఆటకూ పాలనకూ మధ్య ఎంత దూరముందో అది చూపిస్తుంది.

గెలిచిన కొద్దికాలానికే హెచ్‌సీఏ అపెక్స్ కౌన్సిల్ రెండుగా చీలింది. 2021 జూన్‌లో కౌన్సిల్ సభ్యులు అధ్యక్షుణ్నే సస్పెండ్ చేశారు. జులైలో అంబుడ్స్‌మన్ జస్టిస్ దీపక్ వర్మ ఆ సభ్యుల్ని పక్కనపెట్టి అజహర్‌ను మళ్లీ కూర్చోబెట్టారు. అంబుడ్స్‌మన్ నియామకమే చెల్లదని అవతలివాళ్లు. అంతా కోర్టుల్లోనే. ఈ గొడవలో సంఘం నడిచేదెలా?

2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్లు అమ్మకానికి పెట్టారు. వేలమంది తోసుకొచ్చారు. తొక్కిసలాట, లాఠీచార్జి, చాలామందికి గాయాలు. కరోనా తర్వాత ఉప్పల్‌లో జరుగుతున్న పెద్ద మ్యాచ్ అది. జనం ఎగబడతారని ఊహించడానికి క్రికెట్ తెలియక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఎన్ని, కౌంటర్‌లో ఎన్ని, ఎన్ని లైన్లు, ఎంతమంది పోలీసులు అన్న లెక్క వేసుకోవాలి. ఆ లెక్క అజహర్ బ్యాటింగ్‌లోని మణికట్టు మాయాజాలంతో రాదు. సంఘంపై కేసు నమోదైంది.

అజహర్ వెళ్లాక కూడా పరిస్థితి గొప్పగా మారలేదని చెప్పడం న్యాయం. 2024 ఏప్రిల్‌లో, సన్‌రైజర్స్-చెన్నై మ్యాచ్ ముందురోజు, కోటిన్నరకు పైగా కరెంటు బకాయిల కోసం ఉప్పల్ స్టేడియానికి విద్యుత్ సంస్థ సరఫరా ఆపేసింది. పాత బకాయి, ఏళ్ల నాటిది. అంటే శివలాల్, అర్షద్, వివేక్, అజహర్, తర్వాతివాళ్లు, ఎవరు కూర్చున్నా ఆ కాగితం ఫైల్లో అలాగే ఉండిపోయింది.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసింది. నా దృష్టిలో గత పాతికేళ్లలో హెచ్‌సీఏలో జరిగిన అతి ముఖ్యమైన పని ఆయన చేసిందే. ఆయన ముట్టుకున్నది ఓటర్ల జాబితాను. ఒకే మనిషి, ఒకే కుటుంబం చేతిలో ఒకటికి మించి క్లబ్బులు ఉన్నాయన్న కారణంతో 57 క్లబ్బులకు ఓటు హక్కు ఆపేశారు. రెండు వందలు దాటే జాబితా 173కు దిగింది. అజహర్ అనర్హత కూడా ఆ కమిటీ నుంచి వచ్చిందే. సంఘం అధ్యక్షుడిగా ఉంటూనే డెక్కన్ బ్లూస్ అనే క్లబ్‌కూ అధ్యక్షుడిగా ఉన్నారన్నది కారణం. నిధుల దుర్వినియోగం ఆరోపణలతో పోలీసు కేసులు కూడా పెట్టారు, ఆయన వాటిని ఖండించారు.

అదే ఏడాది అక్టోబర్ 20న జరిగిన ఎన్నికలో అధ్యక్ష పదవి 63-62తో, ఒక్క ఓటు తేడాతో తేలింది. అలా గెలిచిన అధ్యక్షుణ్ని 2025 జులైలో సీఐడీ అరెస్టు చేసింది. ఓ క్లబ్ పత్రాలు ఫోర్జరీ చేసి ఎన్నికల్లోకి వచ్చారన్నది ఆరోపణల్లో ఒకటి. ఆరోపణ నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. కానీ చూడండి, మళ్లీ క్లబ్ దగ్గరికే వచ్చాం. హైదరాబాద్ క్రికెట్‌లో క్లబ్ అంటే పొలం పట్టా లాంటిది, పంట వేయకపోయినా చేతిలో ఉంటే విలువ.

విరుద్ధ ప్రయోజనాల నిబంధనపై మాజీ ఆటగాళ్ల ఫిర్యాదు కూడా వినాలి. దేశానికి ఆడినవాడు రిటైరయ్యాక అకాడమీ పెడతాడు, కామెంటరీ చెబుతాడు, ఐపీఎల్ జట్టుకు మెంటర్ అవుతాడు. అతని బతుకుతెరువే క్రికెట్. 2019లో వి.వి.ఎస్. లక్ష్మణ్, సచిన్ టెండూల్కర్‌లకు కూడా బీసీసీఐ ఎథిక్స్ అధికారి నోటీసులు పంపారు. ఓ వ్యాపారవేత్త సంఘంలోకి వస్తే ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే అతని సంపాదన వేరే చోట ఉంటుంది. ఆడినోళ్లు పాలించాలంటూనే ఆడినోళ్లకే ఎక్కువ తగిలే నిబంధన పెట్టుకున్నాం. అయినా నిబంధన అక్కర్లేదని నేననను. ఉప్పల్ స్టేడియం ఉత్తరం స్టాండుకు అజహర్ పేరు ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ పేరు తీసేయమని అంబుడ్స్‌మన్ చెబితే హైకోర్టు స్టే ఇచ్చింది. 22 టెస్టు సెంచరీల ఆటగాడికి స్టాండు ఉండటంలో తప్పేం లేదు. ఆ తీర్మానం తాను కూర్చున్న కుర్చీ కింద కాకుండా, తర్వాతెప్పుడో వేరేవాళ్లు చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఇప్పుడు మూడో ద్వారం. దీనికి మన పక్క రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. ఆరు టెస్టులు, పదిహేడు వన్డేలు మాత్రమే ఆడిన ఎమ్మెస్కే ప్రసాద్ ఆంధ్రా సంఘంలో క్రికెట్ ఆపరేషన్స్ డైరెక్టర్‌గా పనిచేశారు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన పదవి కాదది. విజయనగరం, మంగళగిరి, కడపల్లో ఆ సంఘానికి అకాడమీలున్నాయి. అంటే జోన్‌కొకటి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిలోని ప్రతిభను గుర్తించింది ప్రసాదే. ఆ పిల్లవాడు ఎదిగింది కడప అకాడమీలో. అజహర్ పరుగులతో పోలిస్తే ప్రసాద్ రికార్డు ఎంత? కానీ పన్నెండేళ్ల పిల్లవాణ్ని చూసి వీడిలో విషయం ఉందని పట్టుకునే కన్ను, వాడికి గది, తిండి, కోచ్ దొరికే ఏర్పాటు, ఈ రెండూ కలిస్తే చాలు.

తెలంగాణలో అలాంటి పిల్ల కథ ఎలా నడిచింది? గొంగడి త్రిష సొంతూరు భద్రాచలం. 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు, ఏడు వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. ఆ అమ్మాయి శిక్షణ కోసం కుటుంబమే సికింద్రాబాద్‌కు మారింది. సంఘం భద్రాచలానికి వెళ్లలేదు, తల్లిదండ్రులే ఊరు వదిలారు. ఎంతమంది తల్లిదండ్రులు అలా వదలగలరు? కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసేవాళ్లు, గోదావరిఖనిలో సింగరేణి కార్మికులు, సిరిసిల్లలో మగ్గం మీద బతికేవాళ్లు?

వరంగల్ కుర్రాడికి ఉన్న దారి ఇది. జిల్లా జట్టులో చోటు, అంతర్ జిల్లా టోర్నీలో కొన్ని మ్యాచులు. అక్కడ బాగా ఆడినా సెలెక్టర్ల లెక్కలో పెద్దగా పడేది హైదరాబాద్ లీగ్‌లో కొట్టిన పరుగులే. కాబట్టి అక్కడో క్లబ్‌లో రిజిస్టర్ అవ్వాలి. దాదాపు నూట నలభై ఐదు కిలోమీటర్లు. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కడమో, ఉప్పల్ దగ్గరో నాచారంలోనో అద్దె గది తీసుకోవడమో. ఇంటి దగ్గర మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద నేర్చుకున్న బ్యాటింగ్‌ను టర్ఫ్ మీద మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ పైన క్లబ్ వాళ్లు తుది జట్టులో ఆడిస్తారా లేదా అన్న టెన్షన్. ఆ నిర్ణయం తీసుకునే క్లబ్ సెక్రటరీయే అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఓటరు కూడా.

జిల్లాలకు న్యాయం జరగడం లేదంటూ తెలంగాణ క్రికెట్ సంఘం పేరుతో వేరే సంఘం ఏళ్లుగా గుర్తింపు కోసం కొట్లాడుతోంది. రెండు సంఘాలుంటే మంచిదా అన్నది వేరే చర్చ. గుజరాత్, మహారాష్ట్రల్లో మూడేసి ఉన్నాయి, 2018లో సుప్రీంకోర్టు తీర్పు వాటిని అలాగే ఉంచింది. నాకు మాత్రం ఉన్న సంఘంలోనే ఓట్ల పంపకం మారితే సగం గొడవ తగ్గుతుందనిపిస్తుంది. పాత జిల్లాకొకటి కాక ముప్పై మూడు జిల్లాలకూ తలా ఒక ఓటు ఇస్తే, జిల్లాలు ఒక్కటైతే ఫలితాన్ని తిప్పగలవు. 63-62తో తేలిన ఎన్నికలో ఎంత బలమో లెక్కేసుకోండి.

అయితే జిల్లా సంఘం అంటే ఎవరు? హైదరాబాద్ క్లబ్బులను తిట్టే మనం ఈ మాట ఎప్పుడూ అడగం. జిల్లా సంఘంలో ఎవరు సభ్యులు, కార్యదర్శిని ఎవరు ఎన్నుకుంటారు, ఎన్నేళ్లకోసారి? మండలంలో టోర్నీలు నడిపే పీఈటీకి, స్కూల్ జట్టు కోచ్‌కి అందులో చోటుందా? లేకపోతే పదిలోపు ఉన్న ఓట్లు ముప్పై మూడైనా, ముప్పై మూడు మంది పెద్దమనుషులు పెరుగుతారంతే.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం కూడా ఇందులో కొంతే చేస్తుంది. జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో పేరున్న క్రీడాకారులు కనీసం ఇద్దరు, మహిళలు కనీసం నలుగురు ఉండాలంది. క్రీడా ట్రిబ్యునల్ పెట్టమంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది కాబట్టి బీసీసీఐ కూడా దీని పరిధిలోకి వచ్చినట్టే. పైన కూర్చునే ఆటగాళ్ల సంఖ్య పెరుగుతుంది. కింద జిల్లాకు ఎన్ని ఓట్లు అన్నది ఆ చట్టం తేల్చదు.

అజహర్ ఇప్పుడు రాష్ట్ర మంత్రి, 2025 అక్టోబర్ 31న ప్రమాణం చేశారు. లోధా నిబంధన ప్రకారం ఆ పదవిలో ఉన్నంతకాలం క్రికెట్ సంఘం కుర్చీ వైపు చూడలేరు. హెచ్‌సీఏ వచ్చే ఎన్నికల్లో మరో మాజీ ఆటగాడి పేరు వినిపించొచ్చు, దానిమీదే చర్చంతా నడవొచ్చు. ఉన్న నిబంధనల ప్రకారం, రేపు హనుమకొండ నుంచి ఒక్క అమ్మాయి దేశానికి ఆడి రిటైరైతే, ఆమెకు సంఘంలో ఒక ఓటు వస్తుంది. ఆరు జిల్లాల ఉమ్మడి వరంగల్‌కు ఉన్నదీ అదే ఒక్క ఓటు.